పరాయి వేవిళ్ళు

1961 ఫిబ్రవరి 13, సోమవారం, ఉదయం ఏడుంబావుకు మొదలైంది.

నూజివీడుకు నాలుగు మైళ్ళ దూరంలో మాకు పన్నెండెకరాల చిన్నరసాల మామిడితోట ఉండేది. ఆ ఉదయం తోట తడిక దగ్గర హాజరు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. పూత దాదాపు అయిపోయి పిందె పడుతున్న రోజులు. పదకొండు మంది కూలి ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు లోపలికి వస్తున్నారు. వాళ్ళ వెనుక వస్తున్న తోట కాపలామనిషి భార్య, నెత్తి మీది నీళ్ళ కడవ దించి నేల మీద పెట్టి, రెండడుగులు పక్కకు వేసి, ముళ్ళకంచె మొదట్లో వాంతి చేసుకుంది. కడవలో నీళ్ళు తొణకలేదు. ఏ పనైనా అంత నిదానంగా చేసే మనిషి ఆమె. నోరు పుక్కిలించింది, పమిట కొసతో తుడుచుకుంది, తర్వాత ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ చూస్తూ, దారిలో దొరికిన వస్తువు ఎవరిదని అడిగినట్టు అడిగింది.

"ఎవరిదమ్మా ఇది?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు నేను "నాది" అన్నాను.

ఈ మాటలు అర్థం కావాలంటే ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. చెప్పాలనిపించడానికి కారణం కూడా ఉంది. పోయిన నెల తొమ్మిదో తారీఖున మా మనవరాలు విజయవాడ నుంచి ఫోను చేసి, "కాఫీ వాసన పడట్లేదు అమ్మమ్మా, పొద్దున లేస్తే చాలు కడుపులో తిప్పేస్తోంది" అంది. సంతోషించాను. జాగ్రత్తలు చెప్పాను. ఫోను పెట్టేశాక నాకు తెలియకుండానే లేచి వెళ్ళి వీధి తలుపు తీసి, బయట ఎవరైనా కడుపు పట్టుకుని వంగి ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఆమెను చివరిసారి చూసి అరవై ఏళ్ళు కావస్తున్నా నా ఒంటికి ఆ అలవాటు పోలేదు.

ఆమె పేరు నా పుస్తకంలో ఉంది. ఇక్కడ రాయను. ఆ రోజుల్లో కూడా కొత్తగా నెల తప్పినవాళ్ళు ఆ పేరు పలికేవారు కాదు. "తోటలో ఆమె" అనేవారు. ఊళ్ళో ఏ ఆడదానికి కడుపు నిలిచినా మొట్టమొదట వాంతి అయ్యేది ఆమెకు. ఆమెకు పెళ్ళయి పదిహేడేళ్ళు. పిల్లలు లేరు.

మనిషి పొడగరి. పెద్ద పాదాలు. మామిడి ఎండుటాకుల మీద కోడిపిల్ల నడిచినా చప్పుడవుతుంది. ఆమె నడిస్తే అయ్యేది కాదు. చెట్ల మధ్య నేను తలవంచుకుని రాసుకుంటూ ఉంటే, ఎప్పుడు వచ్చిందో, పక్కనే నిలబడి ఉండేది. ఉలిక్కిపడేదాన్ని. "నేనేనండి" అనేది. వాంతి వచ్చే ముందు ఆమె మొహం నొప్పి పడుతున్నట్టు ఉండేది కాదు. దూరం నుంచి ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు ఉండేది. చేతిలో పని ఆగిపోయేది. తల కొంచెం పక్కకు వాలేది. అప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పనులు ఆపి ఆమె వైపే చూసేవాళ్ళు.

తర్వాత నవ్వులు మొదలయ్యేవి. "ఎవరి మూట మోస్తన్నావే ఈసారి?" అని ఒకతె. "నా వైపు చూడమాకు, మా ఆయన చింతలపూడి కాడ చెరుకు కొట్టటానికి పోయి మూణ్ణెల్లైంది. నీ వల్ల నా కొంప మునుగుద్ది" అని ఇంకొకతె. ఆమె కూడా నవ్వేది. కాని చూపు మాత్రం ఒక్కొక్కరి మీదా ఆగి ఆగి వెళ్ళేది. ఎవరి మీద నిలిచిపోతుందో వాళ్ళు తల దించుకునేవారు.

ఎవరిదో వాంతి తీరును బట్టే పోల్చుకునేది. ఒక ఇంటి ఆడవాళ్ళకు మెంతుల పోపు పడదు. ఇంకొక ఇంటివాళ్ళకు మంచినీళ్ళు కూడా చేదు. ఒకామెకు ఛాతీలో మంట, ఒకామెకు నోట్లో ఊరే నీరు ఆగదు. అవన్నీ ఆమెకు వచ్చేవి. వచ్చిన వాటికి ఉపాయాలు కూడా ఆమే చెప్పేది. పొద్దున్నే ఖాళీ కడుపుతో లేవకూడదు, పక్క మీద ఉండగానే గుప్పెడు మరమరాలు నమిలి మింగి, కాసేపాగి లేవాలి. ఒకేసారి కడుపునిండా తినకుండా కొంచెం కొంచెం నాలుగైదుసార్లు తినాలి. పోపు పెట్టేటప్పుడు వంటింట్లో ఉండకూడదు. శొంఠి ముక్క బుగ్గన పెట్టుకోవాలి. మామిడాకు నలిపి వాసన చూస్తే తిప్పటం ఆగుతుంది. మజ్జిగ మీది తేట ఉప్పేసుకుని గుటక గుటకగా తాగాలి. ఈ ఉపాయాలు పాటించినవాళ్ళు తేలిగ్గానే గట్టెక్కేవారు. సగం ఆమె మోస్తుంది కనుక మిగిలిన సగమే వీళ్ళకని ఊళ్ళో నమ్మకం.

నేను నమ్మకాలతో పెరిగిన మనిషిని కాను. మా నాన్న లెక్కల మాస్టారు. నేను ఎస్సెల్సీ ప్యాసై 1957 మేలో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా మామగారు ఆ ఏడే ఆడకూలీల హాజరు పుస్తకం నాకు అప్పగించారు. మా వైపు ఒక పట్టింపు ఉంది. పూత మొదలైన దగ్గర నుంచి కాయ కోత అయ్యేదాకా, బయట చేరిన ఆడవాళ్ళు తోటలో అడుగుపెట్టకూడదు. పెడితే పూత మాడిపోతుందంటారు. ఆ మూడు రోజులూ కూలివాళ్ళు పనిలోకి రారు. తోటలోనే పాక వేసుకుని ఉండే ఆమె కూడా ఊళ్ళో తన అక్క ఇంటికి పోయి, నాలుగో రోజు తలంటుకుని వచ్చేది. ఆ రోజుల గళ్ళలో నేను సున్నాలు చుట్టేదాన్ని. అలా పనుల కోసం పెట్టిన పుస్తకంలో తోటకు వచ్చే ప్రతి ఆడదాని నెల లెక్కా ఉండేది. మూడు సున్నాలు రావలసిన చోట రాకపోతే నాకు పది రోజుల్లో తెలిసిపోయేది.

ఆమెకు అంతకంటే ముందే తెలిసేది. 1958 నుంచి 1960 దాకా మూడు కాపుల్లో ఆమెకు తొమ్మిదిసార్లు వేవిళ్ళు వచ్చాయి. ఎనిమిదిసార్లు ఆమె చెప్పిన తర్వాతే నా పుస్తకం చెప్పింది. తొమ్మిదోసారి ఆమె ఎవరిదని అడగలేదు. వారం రోజులు వాంతి చేసుకుంటూనే ఉంది కాని ఎవరి మొహమూ చూడలేదు. నేల చూస్తూ పనిచేసుకుంది. ఆ ఏడు పనిలోకి వచ్చినవాళ్ళలో పెళ్ళికాని పిల్లలు ఇద్దరున్నారు. నేనూ పుస్తకం తెరవలేదు.

ఇక నా సంగతి. నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ మూడో నెలలోనే. రెండుసార్లూ మొదట ఆమెకే వాంతులు మొదలయ్యాయి. 1958 ఆగస్టు 19, మంగళవారం, ఆమె మా పెరట్లోకి వచ్చి "ఆకలేస్తంది, కాస్త అన్నం పెట్టండి చిన్నమ్మగారూ" అంది. నెలన్నరగా ఆమె అన్నం అడగటం నేను వినలేదు. రెండుసార్లు పెట్టించుకుని తిని, విస్తరి తీసి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు నాకు పోయింది. 1960 మార్చి 11, శుక్రవారం, మళ్ళీ అలాగే వచ్చింది. అలాగే తిన్నది. పదమూడో తారీఖున పోయింది. అప్పటి నుంచి మా అత్తగారు ఒక సూత్రం చెప్పటం మొదలుపెట్టారు. తోటలో ఆమెకు వాంతులు అవుతున్నంతకాలం లోపల బిడ్డ క్షేమం. ఆమెకు ఆకలేస్తే అయిపోయినట్టే. లెక్కల మాస్టారి కూతుర్ని నేను ఆ సూత్రాన్ని కాదనలేకపోయాను. రెండింటికి రెండూ సరిపోయాయి.

అందుకే 1961 ఫిబ్రవరి 13న, తారీఖు దాటి తొమ్మిది రోజులైన నేను, ఎవరూ పలకకముందే "నాది" అన్నాను. నాకు బిడ్డ కావాలి. ఇరవై రెండేళ్ళు వచ్చాయి. మూడోది నిలవకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కాని నాకు తెలుసు.

ఆమె నా వైపు చూసింది. చూపు నిలవలేదు, అటూ ఇటూ పోయి మళ్ళీ వచ్చింది.

"మీదేనంటారా?"

"తొమ్మిది రోజులైంది" అన్నాను.

కూలీలలో పెద్దామె "తీసుకోండమ్మా, లేకపోతే ఎవరన్నా ఎత్తుకుపోతారు" అంది. అందరూ నవ్వారు. ఆమె కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మా అత్తగారు మూడు రోజులు ఆలోచించి, గురువారం ఆమెను మా పెరట్లోకి పిలిపించారు. ఇక రోజూ పొద్దున్నే ఇక్కడికే వచ్చి కూర్చోవాలని, మూడో నెల దాటేదాకా బరువు పనులు చెయ్యనక్కర్లేదని చెప్పారు. ఆమె గొడ్లపాక పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం కొంగు ముడి విప్పి మరమరాలు నోట్లో వేసుకోబోయింది.

"అదేంటే తినేది?" అన్నారు అత్తగారు.

"మరమరాలండి. కాస్త నెమ్మదిస్తది."

"నెమ్మదించొద్దు."

ఆమెకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను చెయ్యి చాపాను. చారెడు మరమరాలు నా చేతిలో పోసింది. వాటిని కోళ్ళకు వేశాను. ఆ తర్వాత శొంఠి వద్దన్నాం, మజ్జిగ తేట వద్దన్నాం. మామిడాకులు నలిపి వాసన చూడబోతే అత్తగారు చేతిలోంచి లాగేశారు. ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. మెల్లగా అర్థం చేసుకుని, "సరేలెండి. మీ బిడ్డ కుదురుకునేదాకా ఉంచుతాను" అంది. అప్పగించిన దూడను మేపి తెస్తానన్నంత మామూలుగా అంది.

పుస్తకంలో ఆమె వాంతులకు ఒక వరస గీశాను. ఫిబ్రవరిలో రోజుకు మూడు, నాలుగు. మార్చి పదో తారీఖుకు ఎనిమిది. ఇరవయ్యో తారీఖుకు పదకొండు. మధ్యాహ్నం అత్తగారు వంటింట్లోంచి "ఎన్ని?" అని అడిగేవారు. "తొమ్మిది" అంటే దీపానికి దణ్ణం పెట్టుకునేవారు. పెరట్లో ఆమె కక్కుతున్న చప్పుడు వినిపిస్తుంటే మా ఇల్లంతా స్థిమితంగా ఉండేది. ఒక గంట వినిపించకపోతే అందరం పనులు ఆపి కిటికీలోంచి చూసేవాళ్ళం. నాకు కడుపులో తిప్పటం లేదు, తల తిరగటం లేదు. ముద్దపప్పూ నెయ్యీ వేసుకుని కడుపునిండా తినేదాన్ని. ఒకరోజు గుమ్మంలో కూర్చుని తింటూ, ఆమె చూస్తోందని ఆగిపోయాను.

"తినండి చిన్నమ్మగారూ" అంది. "కక్కుకోటానికి నేనున్నాగా."

నవ్వింది. నేనూ నవ్వాను. తినటం మాత్రం ఆపలేదు.

మార్చి మొదటి వారంలో ఆమె గాజులు మోచేతి దాకా జారేవి. కళ్ళు లోపలికి పోయాయి. గొడ్లపాక నీడలో కూర్చుంటే మనిషి ఉన్నట్టు ఉండేది కాదు, గోడకు ఎవరో చీర ఆరేసినట్టు ఉండేది. ఒకరోజు నాతో ఒక మాట చెప్పింది. ఈ వేవిళ్ళు తను ఎరిగినవి కావట. ఊళ్ళో ఏ ఇంటివాళ్ళ తీరూ కాదట.

"మీది ఇదివరకు రెండుసార్లూ గొంతులో నిలిచేదండి. ఇది అరికాళ్ళలోంచి వస్తంది. మట్టి తినాలనుంటది. ఇట్టాంటిది ఎవరిదీ నేను చూళ్ళేదు."

ఆ మాట అత్తగారితో చెబితే, "మగపిల్లాడై ఉంటాడు, అందుకే తీరు మారింది" అన్నారు. నేను అదే రాసుకున్నాను.

మార్చి 24, శుక్రవారం, తెల్లవారుజామున నేను బయట చేరాను. నొప్పి లేదు. వెనకటి రెండుసార్లలా కాదు, మామూలు నెల మాదిరే వచ్చింది. అయినా అందరం పోయిందనే అనుకున్నాం. అత్తగారు ఏడ్చి, మొహం కడుక్కుని, గొడ్లు మేపే మనిషితో తోటకు కబురు పంపారు. ఇంక అక్కర్లేదు, వాంతులు ఆపమని చెప్పమన్నారు.

ఆ సాయంత్రం ఆమె వచ్చింది. వాకిట్లో దూరంగా నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నేను సరిగ్గా మొయ్యలేదా అండి? ఒక్కపూట కూడా ఆపలేదండి నేను. మీరు వద్దన్నది ఏదీ తిన్లేదు."

చెబుతూ చెబుతూ తల పక్కకు వాల్చింది. ఆ వినే మొహం పెట్టింది. మా కళ్ళెదుటే గోడ వారకు పోయి వాంతి చేసుకుంది.

 శనివారం కూడా ఆమెకు వాంతులు ఆగలేదని తెలిసింది. ఆదివారం కూడా. పోయినదాని వేవిళ్ళు ఇంకా వస్తున్నాయంటే, అది పోలేదని, దిక్కు తెలియక ఇక్కడిక్కడే తిరుగుతోందని అత్తగారు అన్నారు. ఇల్లంతా సాంబ్రాణి వేయించారు. ఆమెను వాకిలి తొక్కనివ్వద్దన్నారు. పట్టపగలు తలుపులు వేసుకుని కూర్చున్నాం. పెరట్లో ఎవరూ లేరు, అయినా నాకు ఆ కక్కే చప్పుడు గంటకొకసారి వినిపించేది. అటు చూస్తే అత్తగారు కూడా చేతిలో పని ఆపి వింటూ ఉండేవారు. 

సోమవారం, మార్చి 27న, పుస్తకం తెరిచాను. దెయ్యాలను నమ్మటం కన్నా లెక్క తప్పిందనుకోవటం నాకు తేలిక. నాది కాకపోతే ఇంకెవరిదో అయ్యుండాలి. మొదటి పేరు నుంచి వరసగా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. పదకొండు మందికీ ఏ నెల సున్నాలు ఆ నెల ఉన్నాయి. పదకొండో పేరు దగ్గర పుస్తకం మూయబోయాను. పన్నెండో వరస కూడా ఉంది. అన్నిటికంటే కింద, ఆమెది.

1960 డిసెంబరు 27, 28, 29. మూడు సున్నాలు. ఆ తర్వాత జనవరిలో లేవు. ఫిబ్రవరిలో లేవు. మార్చిలో లేవు. తొంభై రోజులు. ప్రతి గడీ నా చేత్తో నేనే నింపాను. ఎవరిదని అడిగే మనిషి వరస చూడాలని నాకు ఒక్కరోజు తోచలేదు. ఆమెకు కూడా తోచలేదు.

నాకు నాలుగో రోజు, తలంటుకున్నాను కనుక తోటలోకి వెళ్ళాను. పదకొండు గంటల ఎండ. ఆమె భర్త మంచె మీద వడిసెల పట్టుకుని చిలకలను తోలుతున్నాడు. ఆమె పాకలో వరిగడ్డి మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కన కూర్చున్నాను.

"చివరిసారి నీ మూడు రోజులకు అక్క ఇంటికి ఎప్పుడు పోయావు?"

"ఏమోనండి. మీరేగా రాసేది."

"డిసెంబరు 27న పోయావు. మళ్ళీ పోలేదు."

ఆమె పాక కప్పు వైపు చూసింది. ఎండ గడ్డిలోంచి చుక్కలు చుక్కలుగా ఆమె మొహం మీద పడుతోంది.

"ఇది నీది" అన్నాను.

"నాకెందుకు వస్తదండి. పదిహేడేళ్ళు రానిది" అంది. అది నిజమని ఒప్పించటానికి నేను పుస్తకం చూపించాను. ఆమెకు చదువు రాదు. కాని సున్నాలు తెలుసు. మూడు సున్నాల మీద వేలు పెట్టి, ఆ వేలిని అలాగే గళ్ళ వెంట లాక్కుంటూ వచ్చింది, ఇంకెక్కడా సున్నా తగలకుండా, ఆ రోజు దాకా. వేలు అక్కడ ఆపింది. తర్వాత చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి నన్నడిగింది.

"మరైతే నేను మరమరాలు తినొచ్చాండి?"

నేను వెంటనే లేచాను. ఇంటికి పోయి మరమరాల డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టాను. ఒక్కొక్క గింజా తీసి నోట్లో వేసుకుంది.

మర్నాడు బండి కట్టించి నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అప్పటికి నీళ్ళు కూడా నిలవటం లేదు. డాక్టరమ్మ ఎనభై ఒక్క పౌన్ల బరువని రాసి, ఇన్నాళ్ళూ ఇంట్లో ఆడవాళ్ళెవరూ చూసుకోలేదా అని నన్నే అడిగింది. చూసుకుంటూనే ఉన్నామని చెప్పలేకపోయాను. ఆరు రోజులు సెలైను ఎక్కించారు. ఏప్రిల్ 3న తిరిగి వచ్చింది.

ఆమెను నేను మామూలు మనిషిగా చూసింది ఆ కొద్దిరోజులే. వాంతి వస్తే మొహం అదోలా పెట్టి వినేది కాదు. చేత్తో నోరు మూసుకుని, సిగ్గుపడి నవ్వేది. కూలీలు పాక చుట్టూ చేరి, "ఇన్నాళ్ళకు సొంతది దొరికిందే నీకు" అని ఆడించేవారు. "దొరికింది, ఇది మాత్రం ఎవరికీ ఇవ్వను" అనేది. భర్త మంచె దిగి వచ్చి, గడప దగ్గర కూర్చుని ఉండేవాడు. నేను రోజూ పొద్దున ఏడుంబావుకు పోయి కొంచెం కొంచెంగా తినిపించేదాన్ని. అడుగడుగుకీ ఎండుటాకులు చప్పుడవుతున్నాయని ఆ రోజుల్లోనే గమనించాను. నా అడుగులకు కాదు, ఆమె అడుగులకు.

ఏప్రిల్ 7, శుక్రవారం, నేను వెళ్ళేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. మొహం తేటగా ఉంది. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం అది మంచి గుర్తు. నాలుగో నెల వచ్చేసరికి వాంతులు వాటంతటవే తగ్గుతాయని, తగ్గితే భయపడవద్దని నాతో చెప్పింది. ఆ మాట నాకు గుర్తుంది. నేను తెచ్చిన జావ ఆమె గ్లాసుడూ తాగేసింది. ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ ఆగిపోయింది.

"చిన్నమ్మగారండీ" అంది.

"ఏంటి?"

"ఆకలేస్తందండి."

గ్లాసు అందుకున్నాను. నేను ఆమెను చూడకూడదనుకున్నాను. కాని ఆమె నన్నే చూస్తోంది. నా రెండింటికీ ముందు ఇదే మాట అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయిన మనిషి, ఇప్పుడు నా మొహం మీద నుంచి చూపు తిప్పటం లేదు. నేను డాక్టరమ్మ మాట చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఆమె తల ఊపింది. నేను అన్నమూ మామిడికాయ పప్పూ తెచ్చి పెట్టాను. తిన్నది. ఇంకొంచెం పెట్టమంది. ఆ ముద్దలు తింటున్నంతసేపూ ఎడమచెయ్యి పొట్ట మీదే ఉంది.

శనివారం ఉదయం ఆమెకు పోయింది.

ఎందుకు పోయిందో డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. ఒంట్లో బలం లేకపోవటం కావచ్చు, వయసు కావచ్చు, మొదటి నుంచీ నిలిచేది కాకపోవచ్చు అంది. నాది కూడా అడిగాను. నాకు ఆ ఏడు కడుపు వచ్చి పోయిందా, అసలు రాలేదా అని. నెల ఆలస్యమై ఉండొచ్చు, ఇప్పుడు ఎవరూ చెప్పలేరంది. మా అత్తగారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. తోటలో ఆమెకు సంవత్సరానికి రెండు కోకలు పంపేవారు. తాను మాత్రం ఎన్నడూ తోటకు వెళ్ళలేదు.

ఆమె ఇంకెవరి కోసమూ వాంతి చేసుకోలేదు. తర్వాతి మూడు కాపుల్లో తోటకు వచ్చేవాళ్ళలో నలుగురికి నెల తప్పింది. నలుగురి సంగతీ పుస్తకమే చెప్పింది. 1963లో నాకు నిలిచింది. ఆ వేవిళ్ళు నాకే వచ్చాయి, రెండున్నర నెలలు మంచం దిగలేదు. ఒకరోజు తోట దాకా వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. గంపలో గడ్డి పరుస్తోంది. నేను ఎందుకు నిలబడ్డానో ఆమెకు తెలియలేదు. "ఏం కావాలండి?" అంది. ఏమీ వద్దని వచ్చేశాను. 1964 జూన్‌లో కోత అయిపోయాక మొగుడూ పెళ్ళామూ ఉంగుటూరు వైపు వరి పనులకు వెళ్ళిపోయారు. ఆమె ఎప్పుడు కన్నుమూసిందో నాకు తెలియదు. తారీఖు లేకుండా నేను పోయిందని రాయను.

1961లో పోయినవి ఇవి. ఆమె బిడ్డ, డిసెంబరు 27 నుంచి లెక్కవేస్తే నూటరెండు రోజులది. ఆ నూటరెండింటిలో తన బిడ్డ అని తెలిసి మోసినవి పన్నెండు. మేము ఉపశమనం లేకుండా చేసిన రోజులు, ఫిబ్రవరి 16 నుంచి మార్చి 24 దాకా, ముప్ఫై ఏడు. ఆమె ఒంటి బరువు ఎంత తగ్గిందో రాయలేను, అంతకుముందు ఎవరూ తూయలేదు. మార్చి 24 గడిలో నా పేరున పోయిందని రాసుకున్న ఒకటిని కొట్టేశాను. మొత్తం ఒకటి.